బండి కింద అట్టముక్క

నలభై ఏళ్లకు కాస్త తక్కువగా నేను కాంక్రీటు మీద పడిన నూనె మరకలు తీశాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు "అదొక్కటేనా?" అని పైకి అడగరు, మర్యాదస్థులు కదా. కానీ మొహం అడుగుతుంది. అవును, అదొక్కటే. సూళ్లూరుపేట అవతల రాకెట్లు ఎగరేసేవాళ్లు ఉన్నారు, కొండ మీద జనాన్ని వరసలో నిలబెట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లందరూ సాయంత్రం ఇంటికొచ్చి, కారు పెట్టుకునే చోట నల్లటి మచ్చ కనబడితే మాత్రం నాకే ఫోన్ చేసేవాళ్లు. తిరుపతిలో చాలామంది ఫోన్లలో నా పేరు 'మరకల మునిరత్నం' అని ఉంటుంది. నాకు వేరే ఇంటిపేరు ఉంది గానీ రేషన్ కార్డు తప్ప దాన్నెవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఇప్పుడు మోకాళ్లు సెలవు అడిగాయి, ఇచ్చేశాను. నా బ్రష్షులు, బకెట్లు కొనుక్కున్నవాళ్లు "అన్నా, నీకు తెలిసింది రాసియ్యన్నా" అన్నారు. వాళ్లకు బనియన్ల మీద కంపెనీ పేరు ఉంది. ఫోన్లో 'కడగక ముందు', 'కడిగిన తర్వాత' అని ఫొటోలు ఉన్నాయి. లేనిదల్లా ఆ రెండు ఫొటోల మధ్య ఏం జరుగుతుందో తెలియడం. అందుకని రాస్తున్నాను.

ఇందులో కొంత మందుల సంగతి, కొంత నేను చేసిన ఒక తప్పు సంగతి. ఆ తప్పు వల్ల ఒక డ్రైవరు కుటుంబం ఉంటున్న ఇల్లు ఖాళీ చేసి పోవాల్సి వచ్చింది. తొందరలో ఉన్నవాళ్లు మందుల సంగతి వదిలేసి ఆ తప్పు దగ్గర మొదలుపెట్టవచ్చు. మందుల సంగతి డబ్బా మీద కూడా రాసి ఉంటుంది.

దొరస్వామి మేస్త్రి

పలమనేరు రోడ్డులో ఒక లారీల షెడ్డు ఉండేది. పాలు, టమోటాలు మోసే బళ్లు అక్కడ ఆగేవి. షెడ్డు యజమానిని అందరం ముదలాళి అనేవాళ్లం. ఆయన పని అరవడం. బళ్ల బాగోగులు చూసేవాడు దొరస్వామి మేస్త్రి. ఆయన పని ఆ అరుపులు మా దాకా రాకుండా చూడటం. నేల ఊడ్చి కడగడానికి నన్ను పెట్టుకున్నారు.

మొదటి రోజే ఒక లారీ కింద ఇంజన్ ఆయిలు ఒలికింది. కొత్త ఉద్యోగం, ఒళ్లంతా ఉత్సాహం. రెండు బకెట్ల నీళ్లు తెచ్చి ధారగా పోశాను. విస్తరాకంత ఉన్న మడుగు షెడ్డంతా పాకింది. ఏడు రంగుల్లో మెరిసింది కూడా. బాగానే ఉందే అనుకుంటూ ఉండగా మేస్త్రి వచ్చాడు.

"ఏమప్పా, ఒక మూల ఉండేదాన్ని అందరికీ పంచిపెడతా ఉండావు? ప్రసాదమా ఇది?" అన్నాడు.

"కడగమన్నారు కదా మేస్త్రీ."

"కడగమంటే కడిగేసేదేనా? ముందు నూనెను తాగించాల. పొడిగా ఉండేది ఏదైనా సరే. బూడిద చల్లు, రంపంపొట్టు చల్లు, యాడా ఏమీ దొరక్కపోతే మీ ఇంట్లో ముగ్గుపిండి తెచ్చి చల్లు. అది తాగినంత తాగినాక ఊడ్చి ఎత్తు. మళ్లా చల్లు. నీళ్లు ఆఖర్న."

నా వృత్తి మొత్తం ఈ నాలుగు మాటల్లో ఉంది. ఆ తర్వాత నేను నేర్చుకున్నదంతా ఈ మాటలకు ఇంగ్లీషు పేర్లు.

ఆ మేస్త్రికి ఒక పిచ్చి ఉండేది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు పారేసిన అట్టపెట్టెలు తెచ్చి, విప్పి, గోడ వారన పేర్చి పెట్టుకునేవాడు. షెడ్డులో నూనె కనబడితే చాలు, ముదలాళి ఎవడో ఒక డ్రైవరు మీద విరుచుకుపడేవాడు. సాధారణంగా ఆ పూట ఆయన కంటికి ముందు కనబడినవాడి మీద. అప్పుడు మేస్త్రి "రేపు చెప్తా ముదలాళీ" అని, అన్ని లారీల కిందా తలా ఒక అట్ట పరిచేవాడు. అట్ట మూలన పెన్సిలుతో బండి నంబరు రాసేవాడు. పొద్దున్నే ఆ అట్టలు తీసి వెలుతురులో పెట్టి ఒక్కొక్కటే చూసేవాడు. నల్లచుక్క పడిందంటే ఇంజన్ కారుతోందని, ఎర్రచుక్క అయితే స్టీరింగు ఆయిలని. ఏమీ పడకపోతే ఆ డ్రైవరు ఆ పూటకు బయటపడినట్టే.

నాకు నవ్వొచ్చేది. ఒకరోజు అడిగేశాను కూడా.

"మేస్త్రీ, మరక సూస్తేనే తెలీదా ఏ బండిదో? దీనికి ఒక రాత్రంతా కాసుకోవాల్నా?"

"నువ్వు సూసి చెప్పేస్తావప్పా. నువ్వు చెప్పింది తప్పయితే నీకేం పోదు, వాని ఉద్యోగం పోతాది. అట్ట అట్ల కాదు. వాడెవడో దానికి తెలీదు."

సరే మేస్త్రీ అన్నాను. సరే అనడం కూడా ఉద్యోగంలో భాగమే కదా. కొన్నేళ్ల తర్వాత నేను తిరుపతి వచ్చి సొంతంగా పని మొదలుపెట్టినప్పుడు బూడిద సంగతి గుర్తుపెట్టుకున్నాను, అట్ట సంగతి షెడ్డులోనే వదిలేశాను.

యాసిడ్ పోసినవాళ్లు, పెరుగు రాసినవాళ్లు

తిరుపతిలో ఇల్లు కట్టుకున్నవాడికి గేటు నుంచి మెట్ల దాకా కాంక్రీటు పోయించుకోవడం ఒక ముచ్చట. కొడుకు సైకిలు మీంచి పడి మోచెయ్యి చీరుకుంటే ఇంత పసుపు అద్ది పంపేసే మనిషి, ఆ కాంక్రీటు మీద నూనె చుక్క పడితే ముగ్గురికి ఫోన్ చేస్తాడు. ఆ ముగ్గురూ తలా ఒక చిట్కా చెబుతారు. మూడూ ప్రయోగించి, నేల నాశనమయ్యాక నాలుగో ఫోన్ నాకు చేస్తాడు.

పలమనేరులో ఒక ఇంటాయన బాత్రూము కడిగే యాసిడ్ పోశాడు. పొంగు వచ్చింది, పొగ వచ్చింది, చూడటానికి ఏదో గొప్ప పని జరుగుతున్నట్టే ఉండి ఉంటుంది. జరిగిందేమిటంటే, యాసిడ్ సిమెంటును తినేసింది. నూనె జోలికి అది పోదు. నేను వెళ్లేసరికి నేల పైపొర లేచిపోయి కంకర పళ్లికిలించుకుని ఉంది. మరక మాత్రం పెళ్లికొడుకులా మధ్యలో అలాగే కూర్చుని ఉంది. "కంపెనీ యాసిడే పోసినా కదప్పా, ఎట్లా పోలేదు?" అని నన్ను అడిగాడు. ఆయన గొంతులో కోపం యాసిడ్ మీద కాదు, నా మీద.

ఇంకొకాయన కిరసనాయిలు పోసి రుద్దాడు. దానివల్ల మరక పల్చబడి ఇంకా లోతుకు దిగింది. ఒకావిడ పళ్లపేస్టు వాడింది. ఒక లెక్చరరుగారు ఫోన్లో వచ్చిందని పెరుగు రాశారు. ఆయన ఇంటికి నేను వెళ్లేసరికి మరకా ఉంది, మూడు పిల్లులూ ఉన్నాయి.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది తక్కువ. తడి నూనెకు పొడి, అది మేస్త్రి చెప్పిందే. ఆరిపోయిన మరకకు బాగా కాగిన నీళ్లలో చాకలి సోడా కలిపి పోసి, కాసేపు నాననిచ్చి, గట్టి నైలాన్ బ్రష్షుతో రుద్దాలి. ఇనుప బ్రష్షు వద్దు. దాని పుల్లలు నేలలో విరిగి నిలిచిపోతాయి. వారం తిరిగేసరికి తుప్పు పడుతుంది. అప్పుడు నూనె మరక పోయి తుప్పు మరక వచ్చిందని మళ్లీ మిమ్మల్నే పిలుస్తారు. ఎప్పటి నుంచో ఇంకిపోయిన మరకకు పట్టు వెయ్యాలి. తలనొప్పికి నుదుటి మీద శొంఠి పట్టు వేసుకుంటామే, అలాంటిదే. నూనె కరిగించే మందులో తెల్ల సుద్దపొడి ముద్దలా కలిపి, మరక మీద వేలెడు మందాన మెత్తి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులకు ఇటుకలు పెట్టి వదిలేయాలి. లోపలి నూనెను ఆ ముద్ద పైకి లాగుతుంది. ఒకటి రెండు రోజులు ముట్టుకోకూడదు. ఈ పనిలో అన్నిటికంటే కష్టమైంది ఇదే. ఇంటివాళ్లు గంటకోసారి పట్టా ఎత్తి చూస్తారు, చూడొద్దంటే ఇంకా ఎక్కువ చూస్తారు. చేతులకు గ్లౌజులు వేసుకోండి. నేను వేసుకోలేదు. నా వేళ్లు చూసినవాళ్లు నా మాట వింటారు.

నా చేతిరాత

గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. నా గొప్పతనం కూడా ఒకచోట రాసి పెట్టి ఉంది. సూళ్లూరుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీ ఆవరణలో. నీళ్లు గట్టిగా చిమ్మే మిషన్ అప్పుడే కొత్తగా కొన్నాను. బొమ్మ తుపాకీ దొరికిన పిల్లవాడిలా దాని మూతిని నేలకు జానెడు దూరంలో పెట్టి మేనేజరు చూస్తుండగా అటూ ఇటూ తిప్పాను. మరక పోయింది. నేల ఆరాక చూస్తే నేను తిప్పిన చోటల్లా చారలు. నీటి దెబ్బకు సిమెంటు పైపొర చెక్కుకుపోయింది. ఆ చారలు ఇప్పటికీ ఉన్నాయట. మేనేజరు మంచివాడు, తిట్టలేదు. "పైన సంతకం కూడా పెట్టేసి పోండి" అన్నాడు, అంతే.

మిషన్ మూతి నేలకు మూరెడు దూరంలో ఉండాలి. అది నాకు ఆ రోజు తెలిసింది. ఆ తప్పు వల్ల ఎవరికీ ఏమీ పోలేదు కాబట్టి దాన్ని నేను నవ్వుతూ చెప్పుకోగలను. రెండో తప్పు అలాంటిది కాదు.

ఆచార్యులవారి వాకిలి

పని మానేయడానికి ఏడాది ముందు సంగతి. అలిపిరికి వెళ్లే దారిలో ఒక వీధిలో వరదాచార్యులవారి ఇల్లు ఉంది. గుడి ఆఫీసులో ఫైళ్లు చూసి రిటైరైన మనిషి. ఇప్పుడు చూడటానికి ఫైళ్లు లేవు కాబట్టి గేటు దగ్గర్నుంచి మెట్ల దాకా పోయించిన కాంక్రీటును చూసుకుంటూ ఉంటారు. ఇంటి వెనక రెండు గదులు ఖాదర్ బాషా అనే డ్రైవరుకు అద్దెకిచ్చారు. ఖాదర్ సొంత కారులో యాత్రికుల్ని కాణిపాకానికీ శ్రీకాళహస్తికీ తిప్పుతాడు. ఆచార్యులవారికి కారు లేదు, వాకిట్లో చోటు ఉంది. ఖాదర్‌కు కారు ఉంది, పెట్టుకోను చోటు లేదు. కాబట్టి మూడేళ్లు ఇద్దరికీ బాగానే జరిగింది. ఖాదర్ కూతురు పదో తరగతి చదువుతోంది. బడి పక్క వీధిలోనే.

అలాంటి వాకిట్లో నల్లటి మరకలు పడ్డాయి. సరిగ్గా కారు ముందుభాగం నిలబడే చోట. ఆచార్యులవారు ఖాదర్‌కు ఒకసారి చెప్పారు, రెండోసారి చెప్పారు. ఖాదర్ కారును మెకానిక్కుకు చూపించి ఏమీ కారడం లేదన్నాడు. మెకానిక్కు ఖాదర్ స్నేహితుడు కాబట్టి ఆ మాట చెల్లదన్నారు ఆచార్యులవారు. అప్పుడు నన్ను పిలిపించారు. నేను వెళ్లేసరికి విషయం తీర్పు దాకా వచ్చింది. మరక కారుదే అయితే ఖాదర్ నెలాఖరుకు గదులు ఖాళీ చేయాలి. కాకపోతే ఉండొచ్చు. తీర్పు చెప్పాల్సింది నేను.

వెండి గ్లాసులో కాఫీ ఇచ్చారు.

"ఏమయ్యా మునిరత్నం, ఈ విషయంలో నీకంటే తెలిసినవాడు ఊళ్లో లేడన్నారు. నువ్వు చెప్పేస్తే ఇంక తిరుగుండదు" అన్నారు ఆచార్యులవారు.

వెండి గ్లాసు, పైన ఆ మాట. నా తల అప్పటికే కొండెక్కి కూర్చుంది.

ఖాదర్ కారు పక్కనే నిలబడి ఉన్నాడు, చేతిలో తుడిచే గుడ్డ. "అన్నా, ఒక్కసారి బండి కింద సూడండన్నా. నేనే టార్చి పట్టుకుంటా. యాడా ఒక చుక్క కారడం ల్యా" అన్నాడు.

బండి కింద చూడాలంటే నేల మీద పడుకోవాలి. పడుకుంటే నా మోకాళ్లు వాటంతట అవి లేవవు, ఖాదరే చెయ్యి పట్టి లేపాలి. వెండి గ్లాసులో కాఫీ తాగిన నిపుణుడికి అది ఏం మర్యాద?

"ముప్పై ఏండ్లకు పైన సూస్తా ఉండానప్పా, మరకే చెప్పేస్తాది నాకు" అన్నాను. ఆచార్యులవారి వైపు తిరిగి, "నల్లగా ఉండాది, బండి మూతి కిందే ఉండాది. ఇంజన్ నూనె సామీ" అని తేల్చేశాను.

ఖాదర్ గుడ్డ భుజాన వేసుకుని వెనక గదుల వైపు వెళ్లిపోయాడు. నేను పట్టు కలపడం మొదలుపెట్టాను. చాలా బాగా కలిపాను, నాకు గుర్తుంది.

పట్టు ఎత్తిన రోజు

మూడో రోజు వెళ్లి ప్లాస్టిక్ పట్టా తీశాను. ఇంజన్ నూనె పీల్చిన పట్టు నల్లబడాలి. ఇది పసుపురంగుకు తిరిగి ఉంది. వేలితో ముట్టుకుంటే జిగటగా ఉంది. వాసన చూస్తే పాతబడిన నువ్వుల నూనె. అంచుల వెంట చీమలు బారులు తీరి ఉన్నాయి. ఇంజన్ ఆయిలు కోసం చీమలు రావడం నేను ఏ షెడ్డులోనూ చూడలేదు.

తలెత్తి చూస్తే అరుగు మీద మట్టి ప్రమిదలు వరసగా బోర్లించి ఉన్నాయి. ఆచార్యులవారి భార్య తులసికి నీళ్లు పోస్తోంది.

"ఈ దీపాలు యాడ పెడతారమ్మా?" అని అడిగాను.

"ఈడే కదప్పా, ముగ్గు మధ్యలో" అని నేను కూర్చున్న చోటు చూపించిందామె. "ఈ నడమనే మొదలుపెట్టినాం, ప్రతి శనివారం నామం, శంఖుచక్రాలు ముగ్గేసి దీపాలు పెడతాం. ఖాదరు చెప్పకుండానే సాయంత్రానికి కారు తీసి రోడ్డు మీద పెట్టేస్తాడు, మంచి పిల్లోడు. తెల్లారేదాకా కొండెక్కకుండా ఉండాలని నిండా పోస్తాం నూనె."

నిండా పోస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మట్టి ప్రమిద నూనెను చెమటలా బయటికి వదులుతుంది. నీళ్లలో నానబెట్టకుండా వాడితే మరీను. కాంక్రీటు దాన్ని తాగుతుంది. ఆదివారం పొద్దున్నే ముగ్గు ఊడ్చేస్తే ఖాదర్ కారు తెచ్చి మళ్లీ అక్కడే పెడతాడు. ఆ జిగట మీద టైరు మసీ రోడ్డు దుమ్మూ అంటుకుని వారంలో నల్లబడుతుంది. పైన నలుపు, లోపల నువ్వుల నూనె. ఇన్నేళ్ల అనుభవంతో నేను చూసింది పైపైన రెండు నూలుపోగులంత మందమే.

నెలాఖరుకు ఇంకా ఎనిమిది రోజులుంది. నిజం చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం నాకు ఎనిమిది రోజుల్లో దొరకలేదు. మొదటి రోజు ఆచార్యులవారు పూజలో ఉన్నారు, పూజలో ఉన్నవారిని కదిలించకూడదు కదా. రెండో రోజు ఆయనే నన్ను వీధిలో వాళ్లకు చూపించి, "ఒక్క చూపుతో చెప్పేశాడయ్యా" అని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు విని ఆ వీధిలోనే ఇంకో ఇద్దరు నన్ను పనికి పిలిచారు. మూడో రోజు నుంచి నేను ఆ వీధిలోకి వెనక సందు గుండా వెళ్లడం మొదలుపెట్టాను. అబద్ధం చెప్పలేదు కదా, నిజం చెప్పలేదు అంతే కదా అని నాకు నేను నచ్చచెప్పుకున్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే సిగ్గేస్తుంది.

నెలాఖరున ఖాదర్ బీరువా, మంచాలు చిన్న లారీలో ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

మూడు వారాల తర్వాత ఆచార్యులవారు ఫోన్ చేశారు. గొంతు మారిపోయింది.

"ఏం పని చేశావయ్యా మునిరత్నం? మరకలు మళ్లీ వచ్చాయి."

"కారు పోయింది కదా సామీ."

"కారు పోయినాక కూడా వచ్చిందంటే ఏమర్థం? నీ మందులో పస లేదన్నమాట. నువ్వేదో మొనగాడివని అందరికీ చెప్పాను."

నా మందులో పస లేదట! నా పట్టును అనేసరికి నాకు పౌరుషం ముంచుకొచ్చింది. గంటలో వాళ్లింటికి పోయి, వాకిట్లో నిలబడి, ప్రమిద తిప్పి అడుగు చూపించి, మొత్తం చెప్పేశాను. చీమల సంగతి, వాసన సంగతి, అన్నీ. ఒక మనిషి ఇల్లు పోతున్నప్పుడు తెరుచుకోని నోరు, నా పనికి వంక పెట్టేసరికి చక్కగా తెరుచుకుంది. ఈ ఒక్క విషయం రాయడానికే నేను ఇదంతా రాస్తున్నానేమో.

ఆచార్యులవారు ప్రమిదను చేతిలోకి తీసుకుని అడుగు వేలితో రాసి చూసుకున్నారు. "ఇది నీకెప్పుడు తెలిసింది?" అని అడిగారు.

"పట్టు ఎత్తిన రోజు సామీ."

"అప్పుడు వాడు ఇక్కడే ఉన్నాడు కదయ్యా."

నేను తల ఊపాను. ఆయన నన్ను తిట్టలేదు. లోపలికి పోయి కండువా వేసుకుని, చెప్పులు తొడుక్కుని వచ్చారు. "పద. ఎక్కడున్నాడో కనుక్కో" అన్నారు. నేను మంచివాడినని చెప్పలేను గానీ ఆయన మంచివాడే. నా మాట నమ్మడం ఒక్కటే ఆయన చేసిన తప్పు.

కొత్త ఇల్లు

రేణిగుంట రోడ్డు వైపు ఒక ఇంట్లో ఖాదర్ ఉన్నాడు. మేం ఆటో దిగేసరికి కారు రోడ్డు మీద వేపచెట్టు కింద నిలబెట్టి అద్దాలు తుడుస్తున్నాడు. ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉంది, ఖాళీగా.

ఆచార్యులవారు నేరుగా ఆయన దగ్గరికి పోయారు. "ఖాదర్, ఆ మరక మా దీపాలది. తప్పు మాది. గదులు అట్లే ఉన్నాయి. పాపను, మీ ఆవిడను తీసుకుని వచ్చేయ్ నాయనా" అన్నారు.

ఖాదర్ గుడ్డను పిండి భుజాన వేసుకున్నాడు. "మీరు ఇంత దూరం వచ్చినారు, అదే చాలు సామీ" అన్నాడు. "పాప మీ వీధి బడికే పోతా ఉండాది. పొద్దున్నే ఆరుకే పోవాల, రెండు బస్సులు మారాల. పదో తరగతి కదా, నడమన బడి మార్చలేం. మీ ఇంట్లో ఉంటే దానికి బాగానే ఉండేది."

"అయితే రావయ్యా."

"వస్తే మళ్లా రేపు ఇంకో మరక పడతాది సామీ. సూసేదానికి మళ్లా మునిరత్నమన్నే కదా వస్తాడు?"

ఈ మాట నవ్వుతూనే అన్నాడు. ఆచార్యులవారు నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఆయన చాలాసేపు బతిమాలారు. ఖాదర్ మర్యాదగా వింటూ, మర్యాదగా వద్దంటూ ఉన్నాడు. ఈ ఇంటాయనకు ఏడాది ఉంటానని మాటిచ్చేశానన్నాడు. చివరికి ఆచార్యులవారు పోయి ఆటోలో కూర్చున్నారు.

నేను కదలలేదు. ఏదో ఒకటి అనాలి. "తప్పయిపోయిందప్పా" అన్నాను.

ఖాదర్ కారు డిక్కీ తీసి, అడుగు నుంచి ఒక అట్ట లాగి నా చేతికిచ్చాడు. పెద్ద బిస్కెట్ల పెట్టె విప్పిన అట్ట. మూలన పెన్సిలుతో ఒకదాని కింద ఒకటి ఎనిమిది తేదీలు రాసి ఉన్నాయి. మిగతా అట్టంతా శుభ్రంగా ఉంది.

"మీరు పట్టు ఎత్తి పోయినాక ఎనిమిది రోజులు బండి కింద పరిచినానన్నా ఇది. ఒక చుక్క పడలా. సామికి సూపిద్దామనుకున్నా. మళ్లా, మునిరత్నమన్న చెప్పినాక నా అట్ట ఎవురు సూస్తారులే అని గమ్మునుండిపోయినా."

ఖాదర్‌కు దొరస్వామి మేస్త్రి తెలియదు. ఆ షెడ్డూ తెలియదు. ఆ ఎనిమిది రోజుల్లో ఆయన అట్ట పరుస్తుంటే నేను వెనక సందులో తిరుగుతున్నాను. నా కళ్లు నిండాయి, దాచుకోలేదు.

"ఒక పని చేసి పెడతారా అన్నా?" అన్నాడు ఖాదర్. రేకుల షెడ్డు చూపించాడు. "ముందుండినోళ్లు కార్చిన మరకలు ఉండాయి దాంట్లో. అందుకే బండి లోపల పెట్టకుండా రోడ్డు మీద పెడతా ఉండా. లోపల పెట్టినానంటే రేపు అవి నావే అంటారు. నేను పెట్టకముందే మీరు తీసెయ్యాల. ఇంటాయన సూస్తా ఉంటే తీయాల."

మర్నాడు పొద్దున్నే పోయాను. సోడా, బ్రష్షు, సుద్దపొడి అన్నీ నేనే మోసుకుని పోయాను. ఇంటి యజమానిని పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆయన చూస్తుండగా మరక మీద పట్టు మెత్తాను. మోకాళ్ల మీద కూర్చుంటే ఎంత నొప్పి పుట్టిందో చెప్పను, చెబితే జాలి పడమన్నట్టు ఉంటుంది. రెండు రోజుల తర్వాత ఆయన ముందే పట్టా ఎత్తాను. పట్టు నల్లగా ఉంది. ఈసారి ముట్టుకుని చూశాను, వాసన చూశాను, చీమలున్నాయేమో వెతికాను, ఆ తర్వాతే నోరు తెరిచాను.

"ఇది ఇంజన్ నూనె సార్. ఎప్పటిదో పాతది. ఖాదర్ బండి ఇంతవరకు ఈ షెడ్డులో అడుగు పెట్టలేదు. మీరే సాక్షి."

"అట్లేలేప్పా" అన్నాడు యజమాని. ఆయనకు ఇదంతా ఎందుకో అర్థం కాలేదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఒక మాట. ఎవరైనా మిమ్మల్ని మరక తీయమంటే తీయండి. ఎవరిదో చెప్పమంటే మాత్రం ముందు బండి కింద పడుకుని చూడండి. లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి ఇస్తారు. ఆచార్యులవారింట్లో ఇప్పుడు దీపాల కింద వెడల్పాటి ఇత్తడి పళ్లెం పెడుతున్నారు. వాకిలి తెల్లగా ఉంది. వెనక రెండు గదులకూ తాళం వేసి ఉంది.

ఖాదర్ ఇంట్లో పట్టా ఎత్తిన ఆ రోజు షెడ్డు కడిగి, ఆరేదాకా ఆగాం. ఖాదర్ కారు స్టార్టు చేసి షెడ్డు గుమ్మం దాకా తెచ్చి ఆపాడు. దిగి, డిక్కీ లోంచి అట్ట తీసి, తెల్లగా ఆరిన నేల మీద కారు మూతి వచ్చే చోట సరిగ్గా పరిచి, అంచులు కాలితో నొక్కాడు.

"నేల అద్దంలా ఉండాది కదప్పా, ఇంక అట్ట ఎందుకు?" అన్నాడు యజమాని.

"అలవాటైపోయింది సార్" అన్నాడు ఖాదర్, నా వైపు చూడకుండా.